బండిలో నవారు మంచం: గోదావరి ఉక్కలో నలుగురికి పడక కట్టిన కేస్ స్టడీ

డిసెంబరు రెండో వారంలో ఆ పరుపు మళ్లీ మా షెడ్డుకి వచ్చింది. నెల కిందట ఒక కుటుంబం బండిలో పడక కట్టి, దాని మీదకి నేనే చేయించి ఇచ్చిన పరుపు. పైగుడ్డ శుభ్రంగానే ఉంది. తిరగేస్తే కింది వైపు అరచెయ్యంత నల్లటి బూజు మచ్చలు. దాని కింద ఉండే ప్లైవుడ్ మీద వేలు రాస్తే తడి తగిలింది.

"అన్నయ్యగారూ, పేరుపాలెం సముద్రం ఒడ్డున బండిలో పడుకున్న ఆ రెండు రోజులూ వాన చుక్క పడలేదండి. లోపల మంచినీళ్ల సీసా కూడా ఒలకలేదు. మరి ఈ నీళ్లెక్కడివండి?" అని అడిగారు ఆ ఇల్లాలు. ఆవిడ పాలకొల్లు పక్క ఊళ్లో సైన్సు టీచరు. కాసేపు ఆలోచించుకుంటే జవాబు ఇద్దరికీ తెలిసినదే. పని మొదలుపెట్టిన రోజున మాత్రం ఇద్దరం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

కొత్తపేట దగ్గర మా షెడ్డు. బండ్లకి బాడీ పనులు, సీటు పనులు చేస్తాం. బండి లోపల పడక కట్టడం నాకిది నాలుగోసారి. ముందు కట్టిన మూడూ హైదరాబాదు వాళ్లవి. వాళ్లు తిరిగేవి ఎక్కువగా పొడి నేలలు. ప్లైవుడ్ పెట్టె, దాని మీద ఫోము పరుపు, కింద సామాను సొరుగులు: ఆ మూడింటికీ ఏ ఇబ్బందీ రాలేదు. అదే తీరు ఇక్కడా కట్టాను. కోనసీమలో రాత్రి గాలి వేరు, ఆ సంగతి పుట్టి పెరిగిన నేనే పట్టించుకోలేదు. అందుకే ఈ పనిని మొదటి నుంచీ, తప్పులతో సహా రాస్తున్నాను.

బండి, కుటుంబం, కొలతలు

ఐదు సీట్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండి. వెనక సామాను జాగా ఖాళీ. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. ఒకే మోడల్‌లో ఏడాది మారితే సీటు మడత తీరు మారుతుంది, కాబట్టి ఎవరి బండి కొలతలు వాళ్లు టేపు పట్టి తీసుకోవాల్సిందే. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. ఆయన కొబ్బరి తోటలు చూసుకుంటారు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. సెలవులకి పేరుపాలెం, అంతర్వేది, చలికాలం మారేడుమిల్లి వెళ్లి, రూములు వెతుక్కోకుండా బండిలోనే పడుకోవాలని వాళ్ల కోరిక.

మొదట ఆయన అడిగింది రెండో వరుస సీటు పీకేయమని. "అదుంటే పడక ఎత్తయిపోతుంది కదా మేస్త్రీ గారండీ, తీసి ఇంట్లో పెట్టేద్దాం" అన్నారు. ఆ మాటలో నిజముంది. సీటు తీసేస్తే పడక 5 అంగుళాలు కిందికి దిగుతుంది, మనిషి నిటారుగా కూర్చోగలడు. అయినా నేను ఒప్పుకోలేదు. ఒకటి, ఆర్సీలో రాసిన సీట్ల సంఖ్య. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేది అదే. రెండోది నాకు ఇంకా ముఖ్యం: ఆ సీటు పోతే, బండి నడిచేటప్పుడు పిల్లలిద్దరూ బెల్టు లేకుండా పడక మీద దొర్లుతూ వస్తారు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి గుద్దుకుని అరమీటరులో ఆగిందనుకోండి, 20 కిలోల పిల్లవాడు 400 కిలోల బరువుతో ముందుకి వచ్చినట్టు. పడక బండి ఆగాక పరిచేది కావాలి. నడిచేటప్పుడు సీటు లేచి ఉండాలి, బెల్టు పెట్టుకోవాలి. ఈ షరతు మీదే మిగతా పనంతా నడిచింది.

సీటు వీపు మడిచి ముందుకి పడుకోబెడితే దాని ఎత్తు సామాను జాగా నేల నుంచి 15 అంగుళాలు వచ్చింది. డిక్కీ తలుపు నుంచి సీటు దాకా 42 అంగుళాలు, మడిచిన వీపు 24, ముందు సీట్లు పూర్తిగా జరిపితే మధ్యలో దొరికే ఖాళీ 10. మొత్తం 76 అంగుళాలు, ఆయన ఎత్తుకి 7 అంగుళాలు ఎక్కువ. చక్రాల గూళ్ల పైన వెడల్పు 52. నేల నుంచి లోకప్పు 46.

52 అంగుళాల్లో నలుగురు పట్టరు, అది మొదటి రోజే చెప్పేశాను. ముగ్గురికి కూడా అది పొదుపు కొలతే. బాబు కోసం ముందు సీట్ల మీద అడ్డంగా, తలుపు నుంచి తలుపు దాకా, 50 అంగుళాల చిన్న కర్రల మంచం అనుకున్నాం. ఐదేళ్ల పిల్లవాడికి అది మూడు నాలుగేళ్లు సరిపోతుంది.

మొదటి కట్టుబడి, ఆ నీళ్ల లెక్క

12 మిల్లీమీటర్ల ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ వేశాను. 8 బై 4 షీటు ఒక్కోటి 25 కిలోల పైమాట. దాని మీద 3 అంగుళాల ఫోము. నీటికి తట్టుకునే ప్లైవుడ్ కాబట్టి ఢోకా లేదనుకున్నాను. ప్లైవుడ్ నిజంగానే పాడవలేదు. పాడయింది పరుపు.

నిద్రపోయే మనిషి ఊపిరితో, చెమటతో ఒక రాత్రిలో పావు లీటరు దాకా నీరు వదులుతాడు. నలుగురు కలిస్తే ఇంచుమించు ఒక లీటరు. ఊపిరి నీరు అద్దాల మీద చేరుతుంది, అది కళ్లకి కనిపిస్తుంది, గుడ్డతో తుడుస్తాం. ఒంటి చెమట ఆవిరి ఫోము గుండా కిందికి దిగుతుంది. కింద ప్లైవుడ్ ఒంటికన్నా చల్లగా ఉంటుంది, ఎందుకంటే దాని కింద సామాను పెట్టెలో రాత్రి గాలి నిలబడి ఉంది. ఆవిరి ఆ చల్లని చెక్కని తాకి నీరవుతుంది. పైన ఫోము, కింద చెక్క, ఎటూ పోయే దారి లేదు. పొడి దేశంలో మర్నాడు పగలు డిక్కీ తీసి పెడితే ఆరిపోతుంది. మన దగ్గర తెల్లవారుజామున బయటి గాలిలోనే తేమ 90 శాతం దాటి ఉంటుంది, పగలు కూడా సముద్రపు గాలి. పేరుపాలెంలో రెండు రాత్రులు పడుకుని, ఇంటికొచ్చి వారం రోజులు బండిని షెడ్డులో మూసి పెట్టారు. బూజుకి అంతకన్నా ఏం కావాలి.

ఇక్కడ మా అమ్మ మాట ఒకటి చెప్పాలి. ఆ పరుపు చూసి ఆవిడ, "పరుపు కింద చెక్క పెడితే చెమ్మ ఎటు పోతుందిరా, మంచానికి నవారు ఎందుకు అల్లుతారనుకున్నావు?" అంది. మా ఇంట్లో ముప్పై ఏళ్ల నవారు మంచం ఉంది. వేసవిలో వాకిట్లో వేసి పడుకుంటాం. దాని మీద వీపు తడవదు, ఎందుకంటే కింద నుంచి గాలి ఆడుతుంది. ఇన్నాళ్లూ ఆ మంచం మీదే పడుకున్నాను, బండి పడకకి ఆ ఆలోచన రాలేదు.

నవారు అల్లకం

ప్లైవుడ్ మొత్తం తీసేశాను. రెండు ఫ్రేములు కట్టాను. వెనకది 42 అంగుళాలది, డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. ముందుది 34 అంగుళాలది, కీళ్ల మీద తిరగేస్తే వెనక దాని మీద పడుకుంటుంది. బండి ఆగాక సీటు మడిచి దీన్ని ముందుకి వాల్చాలి. దాని ముందు కాళ్లు రెండూ ముందు సీట్ల వెనక నేల మీద ఆనతాయి. బండికి వెల్డింగ్ చేసింది ఒక్కటీ లేదు, రంధ్రం పెట్టింది ఒక్కటీ లేదు. సామాను కట్టుకోవడానికి నేల మీద కంపెనీ ఇచ్చిన నాలుగు కొండీలకి టర్న్ బకిల్స్ (తిప్పితే బిగుసుకునే మరల కొక్కేలు) వేసి బిగించాను. కాళ్ల కింద రబ్బరు ముక్కలు. సీటు బెల్టు బోల్టుల జోలికి వెళ్లలేదు, మీరూ వెళ్లకండి.

పైపు జీఐ చదరపు పైపు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపు. అల్యూమినియం అయితే బరువు తగ్గేది. కానీ ఉప్పుగాలిలో అల్యూమినియానికి స్టీలు బోల్టు వేస్తే, ఆ రెండు లోహాల మధ్య చేరిన ఉప్పుతడి అల్యూమినియాన్ని తినేస్తుంది. ప్రతి బోల్టుకీ నైలాన్ వాషర్ వేసి కాపాడుకోవాలి, ఎవరూ ఆ శ్రద్ధ పెట్టరు. జీఐ పైపులో ఇంకో జాగ్రత్త: వెల్డింగ్ పెట్టిన చోట జింకు పూత కాలిపోతుంది. ఆ అతుకుల మీద జింకు పెయింటు రెండు పూతలు వేయకపోతే అంతర్వేది ఒక్కసారి వెళ్లొచ్చేసరికి అతుకు చుట్టూ ఎర్రబారుతుంది. వెల్డింగ్ పొగ కూడా మంచిది కాదు, ఆరుబయట చేసుకోవాలి.

నవారు నూలుది వేయలేదు. నూలు చెమ్మ పీల్చి సాగుతుంది. ప్లాస్టిక్ నవారు, రెండున్నర అంగుళాల పట్టీ, నిలువూ అడ్డం అల్లించాను. అల్లింది మా వీధిలో మంచాలు అల్లే పెద్దాయన. చేత్తో లాగి, మోకాలు ఆనించి బిగించేసరికి నా ఫ్రేము లొంగిపోయింది. పక్క పైపులు రెండూ మధ్యలో అరంగుళం లోపలికి వంగాయి. నేను వేసింది 25 మిల్లీమీటర్ల పైపు. ఒక్కో పట్టీ 15 కిలోల బిగువు లాగినా, వరసగా పన్నెండు పట్టీలంటే పక్క పైపు మీద 180 కిలోలు. మంచం పట్టెలు అంత లావు ఎందుకుంటాయో అప్పుడు తెలిసింది. 40 మిల్లీమీటర్ల పైపుకి మార్చి, మధ్యలో ఒక అడ్డపైపుని 4 అంగుళాలు కిందికి దించి వేశాను, వీపుకి తగలకుండా.

మొదటి రాత్రి పరీక్ష షెడ్డులోనే, నేనూ మా ఇద్దరు కుర్రాళ్లూ పడుకున్నాం. రెండు లోపాలు బయటపడ్డాయి.

ఒకటి, మధ్యకి దొర్లడం. 52 అంగుళాల వెడల్పు అల్లకం, ముగ్గురి బరువుకి మధ్యలో లోతైంది. తెల్లారేసరికి ఇద్దరు పక్కవాళ్లూ మధ్యవాడి మీద ఉన్నారు. మధ్యలో పైపు వేస్తే వీపుకి గుచ్చుకుంటుంది. దానికి లారీ సరుకు కట్టే రాట్చెట్ పట్టీలు రెండు కొని, అల్లకం కింద సరిగ్గా నడిమధ్యన, నిలువుగా ప్రతి ఫ్రేముకీ ఒకటి బిగించాం. పడుకునే ముందు రెండు పళ్లు బిగిస్తే మధ్య లేస్తుంది, పొద్దున్నే వదులు చేస్తే నవారు మీద బరువు ఉండదు. ఈ ఒక్క చిన్న సర్దుబాటుతో పడక ముగ్గురికి పనికొచ్చింది.

రెండోది, తల ఎటు పెట్టాలన్నది. డిక్కీ వైపు తల పెట్టుకుంటే నడుము బాగుంది, ఊపిరి బాగాలేదు. అక్కడ పక్క అద్దాలు తెరుచుకోవు. గాలి మూలన నిలిచిపోతుంది. తల ముందుకి పెడితే వెనక తలుపుల కిటికీలు రెండూ సరిగ్గా ముఖాల పక్కకి వచ్చాయి, గాలి బాగుంది, కానీ రెండు ఫ్రేములు కలిసే పైపు తుంటి కింద పడింది. గాలినే ఎంచుకున్నాం. కలిసే చోట ఉన్న రెండు అడ్డపైపుల్నీ విల్లులాగా రెండంగుళాలు కిందికి వంచి మళ్లీ అల్లించాం. గుచ్చుకోవడం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. అక్కడ మడత దుప్పటి ఒకటి వేశాక ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ముందు ఫ్రేము ఎత్తు కూడా 17 నుంచి 18 అంగుళాలు చేశాం, లేకపోతే భుజాలు కిందున్న సీటు వీపుకి ఆనుతున్నాయి.

ఫోము పరుపు పూర్తిగా మానేశాం. నవారు మీద తుంగచాప, చాప మీద బొంత. ఆవిడ వాళ్లమ్మ పాత నేత చీరలతో కుట్టిన బొంతలు రెండున్నాయి, అవే. ఉతుక్కోవచ్చు, దండెం మీద ఆరేసుకోవచ్చు, మడిస్తే సీటు వెనక దూరతాయి.

దీనికి మేం చెల్లించిన మూల్యం తలపైన జాగా. బొంత మీద నుంచి లోకప్పుకి 27 అంగుళాలే. పెద్దవాళ్లు నిటారుగా కూర్చోలేరు, బట్టలు మార్చుకోవడం కష్టం. కూర్చోవాలంటే డిక్కీ తలుపు ఎత్తి, కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చోవాలి. ఇలాంటి పడక కట్టించుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

గాలి, దోమలు

గోదావరి జిల్లాల్లో కిటికీ తీస్తే దోమ, మూస్తే ఉక్క. ఈ రెండింటి మధ్యే బండి నిద్ర అంతా. నా సమయంలో సగం దీనికే పోయింది, పోవాల్సిందే కూడా.

వెనక రెండు తలుపులకీ దిండు గలీబులాగా పైనుంచి తొడిగే దోమతెర సంచులు కుట్టించాం. తలుపు తీసి సంచి తొడిగి తలుపు వేసేస్తే, లోపల నుంచి అద్దం ఎంత కావాలంటే అంత దించుకోవచ్చు. బాగుంది. వాన వస్తే మాత్రం బాగోదు. తడిసిన తెర రబ్బరు బీడింగ్ మీదుగా ఒత్తిలాగా నీటిని లోపలికి లాగుతుంది. అందుకని వానాకాలానికి లోపల నుంచి అంటించే తెరలు ఇంకో జత చేశాం, అంచుల్లో చిన్న అయస్కాంతాలు గుడ్డలో కుట్టి. గుడ్డ లేకుండా అయస్కాంతం పెడితే ఇసుక రేణువు ఇరుక్కుని పెయింటు గీతలు పడుతుంది. తలుపుల మీద వాన వైజర్లు ఉంటే జల్లు పడుతున్నా రెండు వేళ్ల సందు తీసుకోవచ్చు.

తెర కన్ను ఎంత ఉండాలన్నది ఇక్కడి సమస్య. మామూలు దోమతెరలో నుంచి కోరింగ మడ అడవుల వైపు, ఉప్పుటేరుల పక్కన ఉండే నుసుమలు, దోమకన్నా చిన్నవైన కుట్టే పురుగులు, దూరిపోతాయి. వాటిని ఆపేంత సన్న తెర వేస్తే గాలి సగానికి పడిపోతుంది. అందుకే గాలిని ఫ్యానుతో లాగాల్సి వచ్చింది.

ఎడమ వెనక కిటికీకి సరిపోయేలా ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) ముక్క కోసి, దానికి కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాన్లు రెండు బిగించాను, గాలి బయటికి తోసేలా. కుడి వెనక కిటికీ సన్న తెరతో సగం తెరిచి ఉంటుంది. గాలి కుడి నుంచి ఎడమకి ముగ్గురి ముఖాల మీదుగా వెళ్లి బయటపడుతుంది. బాబు పడుకున్న చోట ముందు కుడి అద్దం రెండు వేళ్లు దించాలి. ఎడమ ముందు అద్దం మాత్రం మూసే ఉండాలి. అది ఫ్యాను పక్కనే ఉంది కాబట్టి, తెరిస్తే గాలి అక్కడినుంచే వచ్చి అక్కడికే పోతుంది, మనుషుల దాకా రాదు.

లెక్క ఇలా వేసుకున్నాను. నిద్రలో ఒక్కో మనిషికి గంటకి 25 ఘనపు మీటర్ల కొత్త గాలి కావాలనుకుంటే నలుగురికి 100. డబ్బా మీద రాసినది చూస్తే ఒక్కో ఫ్యాను 110 తోస్తుంది. రెండు కలిపి 220, తెర వల్ల సగం పోయినా 110. సరిపోయింది. ఆ ఫ్యాన్ల రెంటికీ కలిపి కరెంటు 7 వాట్లు. ఒంటికి గాలి తగలడానికి లోపల ఇంకో చిన్న ఫ్యాను, అది 12 వాట్లు.

"పోర్టబుల్ ఏసీ ఒకటి పెట్టేద్దామండీ, ఎంతయినా పర్లేదు" అన్నారాయన. కాగితం మీద చూపించాను. 500 వాట్ల ఏసీ 8 గంటలు నడిస్తే 4,000 వాట్ అవర్లు. మేం పెట్టిన బ్యాటరీ 12.8 వోల్టుల 50 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే 640. ఐదోవంతు అడుగున వదిలేస్తే వాడుకోగలిగింది 512. ఒక్క రాత్రి ఏసీకి అలాంటివి ఎనిమిది కావాలి. ఫ్యాన్లు, ఒక లైటు, రెండు ఫోన్లు కలిపితే రాత్రికి 200, కాబట్టి ఒక్క బ్యాటరీతో రెండు రాత్రులు నిశ్చింతగా గడుస్తాయి.

ఇంజిన్ ఆన్ చేసి బండి ఏసీ వేసుకుని పడుకోవడం గురించి మాత్రం ఎవరితోనూ రాజీ పడను. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే చనిపోయారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంజిన్ పొగ అయినా అంతే, బొగ్గుల కుంపటి అయినా అంతే. దోమల కాయిల్ కూడా లోపల వెలిగించొద్దని చెప్పాను. స్టవ్ డిక్కీ తలుపుకి దూరంగా, బయటే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తెప్పించి లోపల బిగించాను, పక్కన వేరే బండి ఇంజిన్ ఆన్‌లో ఉన్నా పనికొస్తుంది.

వైరింగులో ఒక్క సంగతి. వాళ్ల ఊరి ఎలక్ట్రీషియన్ ముందు బ్యాటరీ నుంచి వెనక చార్జరు దాకా ఇంటికి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి ఉంచాడు. పోనూ రానూ 8 మీటర్లు, 20 ఆంపియర్లు. దారిలోనే 1.2 వోల్టులు పోతాయి, వైరు వేడెక్కుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 0.3. అదే వేశాం, రెండు బ్యాటరీల దగ్గరా చెరో ఫ్యూజు పెట్టి. లిథియం బ్యాటరీని నేరుగా ఆల్టర్నేటర్‌కి, అంటే ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే యంత్రానికి, కలపలేదు. అది ఎంత ఇస్తే అంత లాగేసి ఆల్టర్నేటర్‌ని వేడెక్కిస్తుంది, మధ్యలో ఆ కరెంటుని అదుపు చేసి ఇచ్చే డీసీ-డీసీ చార్జరు ఉండాలి.

మూడు ప్రయాణాల్లో ఏం జరిగింది

మొదట అంతర్వేది. నరసాపురంలో పంటు, అంటే బండ్లని కూడా గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కి సఖినేటిపల్లి దిగారు. సముద్రం ఒడ్డున ఇసుకలోకి దించొద్దని ముందే చెప్పి పంపాను. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. చక్రం కింద గూళ్లు నలిగిపోతాయి, బండి దీపాలకి తాబేళ్లు దారి తప్పుతాయి. ఫోర్ వీల్ ఉంది కదా అని ఉప్పునీటి ఇసుకలో తిప్పితే చాసిస్ కూడా దక్కదు. తెలిసినవాళ్ల కొబ్బరి తోటలో ఆపుకున్నారు. ఆయన కొబ్బరి రైతు కాబట్టి ఒకటి నేను చెప్పక్కర్లేకపోయింది: చెట్ల మధ్య ఖాళీలో ఆపారు, గెల కింద ఆపలేదు. రాత్రిపూట రాలే కాయకి అద్దం ఆగదు, డిక్కీ తలుపు తీసి కూర్చున్న మనిషి తల అసలాగదు. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నీడ బాగుందని సరిగ్గా అక్కడే ఆపుతారు.

ఆ రాత్రి ముగ్గురూ పడకమీద, బాబు ముందు మంచం మీద. ఉక్క లేదు, అద్దాలు తడవలేదు. ఆయనకి మాత్రం రెండింటి దాకా నిద్ర పట్టలేదు, భుజం తిప్పుకోవడానికి చోటు లేక. రెండో రాత్రి ఆయన డిక్కీ తలుపు కింద పట్టా కట్టుకుని, మడత మంచం వేసుకుని, దోమతెరలో పడుకున్నారు. అప్పటి నుంచీ వాళ్ల అలవాటు అదే: వాన లేకపోతే ఆయన బయట, వాన వస్తే అందరూ లోపల. నలుగురికి పడక అని చెప్పి కట్టాను. ఆచరణలో అది ముగ్గురికి పడక, అవసరానికి నలుగురికి. ఈ తేడా రాయకపోతే ఈ కేస్ స్టడీకి అర్థం లేదు.

జనవరిలో మారేడుమిల్లి. అక్కడ నవారు ఎదురు తిరిగింది. మైదానంలో ఏ గాలి కావాలని అల్లించామో, కొండ మీద చలికి అదే గాలి కింద నుంచి వీపుని కొరికింది. పైన రెండు రగ్గులు కప్పుకున్నా లాభం లేకపోయింది. చలికి అద్దాలన్నీ బిగించి ఫ్యాన్లు కూడా ఆపేశారు. తెల్లారేసరికి లోకప్పు నుంచి నీటి చుక్కలు పాప ముఖం మీద పడ్డాయట. తిరిగొచ్చాక రెండంగుళాల రబ్బరైజ్డ్ కొబ్బరి పీచు పలకలు కొలతకి కోయించి ఇచ్చాను, చాపకీ బొంతకీ మధ్య పరుచుకోవడానికి. పీచు మధ్య గాలి నిలబడి వెచ్చదనం ఆపుతుంది, ఆవిరిని మాత్రం ఫోములాగా బంధించదు. కొండకి వెళ్లేటప్పుడే అవి ఎక్కించుకోవాలి. ఎంత చలైనా ఫ్యాను ఒకటి ఆగకూడదని, రెండు అద్దాలు రెండు వేళ్లు దించే ఉండాలని ఒక కాగితం రాసి లోపల అంటించాను. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లినప్పుడు అద్దాల అంచున మంచు పట్టినట్టు కొంచెం చెమ్మ తప్ప చుక్క పడలేదన్నారు.

బాబు మంచం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. గేరు రాడ్డు, ఫోర్ వీల్ లివరు దాని కిందే ఉంటాయి. నిద్రలో కాలు తగిలితే కదులుతాయి. వాటి మీద గట్టి ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని గేరులో ఉంచి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. తాళం చెవి ఆవిడ దిండు కింద. ఆ మంచాన్ని 25 కిలోల బియ్యం బస్తాలు రెండు వేసి ఒక రాత్రంతా ఉంచి చూశాకే ఇచ్చాను.

గోదావరి లంకల్లో ఇసుక తిన్నెల మీద ఆపుకోవచ్చా అని ఆయన అడిగారు. వేసవిలో, ఆ ఊరి వాళ్లని అడిగి ఆపుకోండి, జులై నుంచి సెప్టెంబరు దాకా వద్దు. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ మబ్బు లేకుండానే వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక కన్నా చాలా ముందే లంక దారులు మునిగిపోతాయి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు, అప్పుడు సముద్రం ఒడ్డు మాటే వద్దు.

ఖర్చు మొత్తం రెండో కట్టుబడికి 60,000 దాకా అయింది. అందులో సగానికి పైగా బ్యాటరీ, చార్జరు. నవారు, అల్లిన కూలీ కలిపి 3,000 లోపే. మొదటి ప్లైవుడ్ పనికి తీసుకున్న డబ్బు ఈ లెక్కలో తగ్గించి ఇచ్చాను, ఆ తప్పు నాది కాబట్టి.

ఏప్రిల్‌లో బండి సర్వీసుకి వచ్చినప్పుడు చాప ఎత్తి చూశాను. నవారు పొడిగా ఉంది, రెండు పట్టీలు వదులయ్యాయి, పెద్దాయన వచ్చి బిగించి వెళ్లాడు. ఒక అతుకు దగ్గర తుప్పు మొదలైతే గీకి మళ్లీ జింకు పెయింటు వేశాం. ఈ మే నెలలో వాళ్ల నాయనమ్మ కూడా పేరుపాలెం వస్తానంటున్నారట. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, నేల నుంచి పడక మూడడుగుల పైన ఉంది. మడిచి డిక్కీలో పెట్టుకునే రెండు మెట్ల ఎత్తుపీట ఇప్పుడు షెడ్డులో తయారవుతోంది, పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీతో.